రొయ్యల ల్యాబ్ రిపోర్టులు బ్లాక్‌చెయిన్‌లో పెట్టాలా? - సమాధానం

అన్నా, గూడూరు కాడ మీ గుంటల యాంటీబయాటిక్ టెస్ట్ రిపోర్టు పీడీఎఫ్‌ని మధ్యలో ఎవరో మార్చి కొనేవాళ్లకి పంపారు, ఇక అన్నీ బ్లాక్‌చెయిన్‌లో, అంటే చానా కంప్యూటర్లలో ఒకే కాపీ ఉండే రికార్డు పుస్తకంలో, ఎక్కించేస్తే సేఫా అన్నావు గదా. ఫైల్ మొత్తం ఎక్కించొద్దు. పబ్లిక్ చెయిన్‌లో పడింది అందరికీ కనపడద్ది, మళ్లీ తీసేయలేవు, అది దాచిపెట్టేదని చానామంది అనుకుంటారు గానీ దాని పని మారిస్తే పట్టియ్యడం.

ల్యాబ్ నుంచి పీడీఎఫ్ రాంగానే ఎస్‌హెచ్‌ఏ-256 అనే లెక్కతో దాని హాష్ తియ్యి, విండోస్‌లో సర్ట్‌యుటిల్ కమాండ్‌తోనే వస్తది. 64 అక్షరాలుంటాయి, ఫైలు వేలిముద్ర అనుకో, రిపోర్టులో ఒక్క చుక్క మారినా హాష్ మొత్తం మారిపోద్ది. ఆ హాష్‌ని ఓపెన్‌టైమ్‌స్టాంప్స్ అనే సర్వీసులో పెడితే, అది ఆ టైముకే ఉందని చూపించేదానికి బిట్‌కాయిన్ బ్లాక్‌చెయిన్‌కి ముడేసి ప్రూఫ్ ఫైలు ఇస్తది, ఫ్రీనే, కన్ఫర్మ్ అయ్యేదానికి కొన్ని గంటలు పట్టొచ్చు. ఆ ప్రూఫ్ ఫైలూ హాషూ ఏజెంటు చేతికియ్యకుండా కొనేవాళ్లకి నువ్వే నేరుగా పంపు, వాళ్లకొచ్చిన కాపీతో వాళ్లే సరిచూసుకుంటారు. ప్రింట్ తీసి స్కాన్ చేసింది మాత్రం కలవదు, ఒరిజినల్ పీడీఎఫ్ ఫైలే పోవాల.

ప్రైవేట్ చెయిన్, అంటే అందరికీ తెరవని సొంత బ్లాక్‌చెయిన్, పెట్టిస్తామని ఎవరన్నా కోటేషన్ ఇస్తే నోడ్లు, అంటే రికార్డు కాపీ ఉంచే కంప్యూటర్లు, ఎవరి దగ్గరుంటాయో అడుగు, అన్నీ వాళ్ల సర్వర్లోనే అంటే అది మామూలు డేటాబేసే, దానికంత డబ్బు దండగ. శాంపిలే వేరే గుంటదైతే ఏ చెయినూ ఏం చేయలేదు అనుకో. బ్యాకప్ కూడా వేరేగా పెట్టుకో, చెయిన్‌లో ఉండేది హాషే, రిపోర్టు కాదు.