పక్కింటి మామ్మగారి పనులకు కారా, సైకిలా?

ప్రశ్న: మాది కాకినాడ. వయసు 46, ప్రైవేటు ఉద్యోగం. పక్కింటి మామ్మగారికి 82 ఏళ్లు. కొడుకు అమెరికాలో ఉంటాడు, ఆవిడ ఒక్కరే ఇక్కడ. ఇన్సులిన్, కూరగాయలు, బ్యాంకు పని అంటూ వారానికి ఐదుసార్లు కారు తీస్తున్నాను. ఒక్కో పనికి రానుపోను నాలుగు కిలోమీటర్లు. నెలకు పెట్రోలుకే నాలుగు వేలవుతోంది. ఆవిడ డబ్బులిస్తానంటారు, తీసుకోవడానికి నాకు మనసొప్పదు. మా ఆవిడ తీసుకోమంటోంది. కారు లోను ఇంకా రెండేళ్లుంది. కారు అమ్మేసి సైకిల్ కొనుక్కోమంటారా?

జవాబు: సైకిల్ కొనండి. కారు మాత్రం అమ్మకండి.

ముందు ఆ నాలుగు వేల సంగతి చూద్దాం. వారానికి ఐదుసార్లు, నాలుగేసి కిలోమీటర్లంటే నెలకు 87 కిలోమీటర్లు. ఇంజన్ వేడెక్కేలోపే ఆపేసే ఇలాంటి చిన్న తిరుగుళ్లలో లీటరుకు పది కిలోమీటర్లు వస్తే గొప్పే. లీటరు 110 రూపాయల లెక్కన 960 దాకా అవుతుంది. మిగతా మూడు వేలూ మీ ఇంటి తిరుగుడుదే. ఈ మాట మీ ఆవిడతో కూర్చుని కాగితం మీద లెక్కేసి చూపించండి. మామ్మగారి వల్లే ఇల్లు గుల్లవుతోందన్న టెన్షన్ సగం అక్కడే తగ్గుతుంది.

కారు అమ్మితే అంతకంటే ఎక్కువ మిగులుతుంది కదా అనిపించవచ్చు. కానీ లోను మధ్యలో అమ్మితే వచ్చిన డబ్బు ముందు బ్యాంకు బాకీకే పోతుంది. పైగా అర్ధరాత్రి మామ్మగారికి షుగర్ పడిపోతే సైకిల్ పనికిరాదు. ఉంచుకున్నంత కాలం ఇన్సూరెన్స్ ఎలాగూ కట్టాలి. 1000 నుంచి 1500 సీసీ కారుకు థర్డ్ పార్టీ (ఎదుటివారికి జరిగే నష్టానికి తప్పనిసరి బీమా) ప్రీమియమే ఏడాదికి 3,416 రూపాయలు, పైన జీఎస్టీ. సైకిల్ వల్ల ఇది తగ్గదు, ఈఎంఐ తగ్గదు. మిగిలేది పెట్రోలు, కాస్త అరుగుదల. నెలకు వెయ్యి అనుకోండి. వారానికొకసారి కారును కొంచెం దూరం తిప్పండి, లేకపోతే బ్యాటరీ దిగిపోతుంది.

గేర్లు లేని మామూలు సైకిల్ చాలు. ముందు బుట్ట, వెనక క్యారేజీ, తాళంతో కలిపి ఏడెనిమిది వేలు పెట్టుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, బిల్లులో చూసుకోండి. ఊరు చదునుగా ఉంటుంది కాబట్టి మోకాళ్లకు భయం లేదు. మా నాన్నగారు పాతిక కేజీల బియ్యం బస్తాను పాత ట్యూబు ముక్కతో క్యారేజీకి బిగించి తెచ్చేవారు. ముడి వేసేముందు ట్యూబును రెండుసార్లు లాగి చూసుకునేవారు. మీరు మోసేది కూరలూ మందులే. ఇన్సులిన్ ఒక్కటే జాగ్రత్త. ఎండాకాలంలో పొద్దున్నే వెళ్లి, ఐస్ ప్యాక్ ఉన్న సంచిలో పెట్టుకుని రండి. మందు మాత్రం ఐసుకు నేరుగా తగలకూడదు, గడ్డకడితే పాడైపోతుంది.

సైకిలెక్కే ముందు ఒక పని చేయండి. కారు పాలసీతో వచ్చే 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ సైకిల్ మీద ఉన్నప్పుడు వర్తించదు. బ్యాంకులో ప్రధానమంత్రి సురక్షా బీమా తీసుకోండి. ఏడాదికి 20 రూపాయలకే రెండు లక్షల ప్రమాద బీమా. దాంతో ఆగకుండా విడిగా ఒక ప్రమాద బీమా పాలసీ కూడా చూడండి. ఇంటికి మీ సంపాదనే ఆధారమైతే రెండు లక్షలు ఏ మూలకూ రావు.

పెట్రోలు డబ్బులు తీసుకోవద్దు, ఇక ఆ అవసరమే ఉండదు. నాకు అంతకంటే మామ్మగారి డబ్బు మీ చేతుల మీదుగా వెళ్లడం గురించే ఆందోళన. ఏటీఎం కార్డు, పిన్ మీ దగ్గర పెట్టుకోకండి, ఆవిడ ఇచ్చినా సరే. రేపు అమెరికా నుంచి కొడుకు వచ్చి ఒక్క మాట అడిగితే ఇన్నేళ్ల మంచితనానికి మచ్చ పడుతుంది. చిన్న నోటు పుస్తకం పెట్టండి. తేదీ, ఇచ్చినది, ఖర్చయినది, తిరిగిచ్చిన చిల్లర రాసి, బిల్లు పిన్ను కొట్టి, ఆవిడ చేత సంతకం పెట్టించండి. నెలాఖరున ఆ పేజీ ఫొటో తీసి కొడుక్కి పంపండి. 70 దాటినవారికి ఇంటి వద్దకే బ్యాంకు సేవలు అందించాలని రిజర్వ్ బ్యాంకు 2017 నవంబరులోనే చెప్పింది. ఆవిడ బ్రాంచిలో అడగండి. పెన్షనైతే లైఫ్ సర్టిఫికెట్ కూడా ప్రభుత్వ యాప్ జీవన్ ప్రమాణ్‌లో ముఖం చూపించి ఫోన్‌లోనే ఇవ్వొచ్చు, అలా రెండు తిరుగుళ్లు తగ్గుతాయి.

మిగిలిన వెయ్యి జేబులో ఉంటే కనబడకుండా పోతుంది. మొదటి ఏడెనిమిది నెలలు సైకిల్ ఖర్చుకు సరిపోతుంది. తర్వాత పోస్టాఫీసులో నెలనెలా కట్టే ఐదేళ్ల పొదుపు ఖాతా, ఆర్‌డీ తెరవండి. 2023 అక్టోబరు నుంచి ఉన్న 6.7 శాతం వడ్డీతో నెలకు వెయ్యి కడితే చివరికి 71 వేల పైచిలుకు చేతికొస్తుంది. తెరిచే ముందు ఆ రోజు వడ్డీ ఎంతో కౌంటర్లో కనుక్కోండి.