రాష్ట్రం ద్వారా ఫెడరల్ గ్రాంటు వచ్చే చిన్న సంస్థ, పాలసీలు మారుతుంటే ఏం చేయాలి?

మీరు అడిగింది ఇదీ: టెక్సాస్‌లో గృహహింస బాధితులకు సాయం చేసే చిన్న 501(సి)(3) సంస్థ (పన్ను మినహాయింపు ఉన్న, లాభాపేక్షలేని సంస్థ), బోర్డులో ఎక్కువమంది తెలుగువాళ్లు, ఏడాదికి 4 లక్షల డాలర్ల ఖర్చు. అందులో నెలకు 20,000 డాలర్లు వోకా (నేర బాధితుల సాయం కోసం ఉన్న ఫెడరల్ చట్టం) గ్రాంటు కింద, ఖర్చు పెట్టాక రాష్ట్రం నుంచి రీయింబర్స్ అవుతాయి. వాషింగ్టన్ నుంచి వారానికో మార్పు వినిపిస్తుంటే బోర్డు ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ఒప్పంద పత్రంతో మొదలుపెట్టండి, వార్తలతో కాదు. 2025 జనవరి 27న వైట్‌హౌస్ బడ్జెట్ కార్యాలయం ఓఎంబీ ఎం-25-13 మెమో ఇచ్చి, మర్నాడు సాయంత్రం 5 గంటల నుంచి ఫెడరల్ సాయం ఆపమంది. 28న కోర్టు దాన్ని తాత్కాలికంగా నిలిపింది. 29న ఓఎంబీయే మెమోను వెనక్కి తీసుకుంది. ఇలాంటి మూడు రోజుల్లో కంగారుపడి సిబ్బందిని పంపేస్తే, నాలుగో రోజుకు గ్రాంటు ఉంటుంది, పనిచేసేవాళ్లు ఉండరు. మీ గ్రాంటు రద్దయిందని చెప్పాల్సింది రాతపూర్వక నోటీసు. మీరు సబ్‌రెసిపియెంట్, అంటే ఫెడరల్ డబ్బును రాష్ట్రం చేతుల మీదుగా అందుకునేవాళ్లు, కాబట్టి అది రాష్ట్ర ఏజెన్సీ నుంచి రావాలి.

ఒప్పందంలో ముందు వెతకాల్సింది రద్దు క్లాజు. ఫెడరల్ గ్రాంటు నిబంధనలైన 2 సీఎఫ్ఆర్ 200లో సెక్షన్ 340 ప్రకారం, అవార్డు షరతుల్లో రాసి ఉంటే, చట్టం అనుమతించిన మేరకు, 'ఏజెన్సీ ప్రాధాన్యాలకు ఇక సరిపోదు' అనే కారణంతోనూ రద్దు చేయొచ్చు. ఆ మాట మీ కాగితంలో ఉందా, ఎన్ని రోజుల ముందు చెప్పాలి, అభ్యంతరం ఎవరికి ఎన్ని రోజుల్లో పంపాలి, ఇవన్నీ ఒకే పేజీ మీద రాసి బోర్డులో అందరికీ ఇవ్వండి. ఒప్పందానికి చేసే అమెండ్‌మెంటు (సవరణ) మీద సంతకం పెట్టిన ప్రతిసారీ ఆ పేజీని మళ్లీ సరిచూడండి. కొత్త షరతులు చాలావరకు ఆ దారిలోనే వచ్చి చేరతాయి.

ఇక డబ్బు. చిన్న సంస్థలు నిజంగా దెబ్బతినేది ఇక్కడే. మీరు మూడు నెలలకోసారి బిల్లు పెడుతున్నారనుకుందాం. మూడు నెలల ఖర్చు 60,000. బిల్లు అందాక చెల్లించడానికి 30 రోజుల గడువు ఉంటుంది, ఆ నెలలో ఇంకో 20,000 ఖర్చవుతుంది. అంటే ఏదో ఒక రోజున 80,000 డాలర్లు మీ జేబులోంచి పెట్టి ఎదురుచూస్తుంటారు. అదే నెలనెలా బిల్లు పెడితే ఆ మొత్తం 40,000కి దిగుతుంది. ఒప్పందం ఒప్పుకుంటే వచ్చే నెల నుంచే మార్చండి. నెల ముగిసిన వారంలోపు టైమ్‌షీట్లు, రసీదులతో బిల్లు వెళ్లిపోవాలి. గ్రాంటు కొనసాగుతున్నా చెల్లింపు ఆలస్యం కావచ్చు. 2025 అక్టోబర్ 1న మొదలైన ఫెడరల్ ప్రభుత్వ షట్‌డౌన్ (నిధులు ఆమోదం కాక ప్రభుత్వ పనులు ఆగడం) 43 రోజులు నడిచింది. కాబట్టి కనీసం రెండు నెలల జీతాలు, అద్దె మీ సొంత నిధిలో ఉండాలి. ఉద్యోగులకు జీతం ఆగితే బాధితురాలి ఫోన్ ఎత్తేవాళ్లు ఉండరు, మిగతా జాగ్రత్తలన్నీ దాని తర్వాతే.

నోటీసు వస్తే అమల్లోకి వచ్చే తేదీ చూడండి. ఆ తేదీకి ముందు మామూలుగా పెట్టిన ఖర్చును క్లెయిమ్ చేయొచ్చు. రద్దవుతుందని తెలిసి హడావుడిగా పెట్టింది కుదరదు. ఆ తర్వాత కూడా వెంటనే ఆపలేని ఖర్చులు కొన్ని అవే నిబంధనల్లోని సెక్షన్ 472 కింద అనుమతిస్తారు, కానీ ఆపడానికి ప్రయత్నించినట్టు రుజువు కావాలి. ఇంటి యజమానికి, కన్సల్టెంటుకి అదే రోజు ఈమెయిల్ పంపి దాచుకోండి. కొత్త కాంట్రాక్టులన్నిటిలో 'నిధులు ఆగితే 30 రోజుల్లో రద్దు' అనే వాక్యం పెట్టించండి. మీ తుది బిల్లు, రిపోర్టులు 90 రోజుల్లో రాష్ట్రానికి చేరాలి.

చాలామంది గమనించని విషయం ఒకటుంది. 501(సి)(3) సంస్థలు నిరుద్యోగ భృతి పన్ను కట్టకుండా, భృతి చెల్లించినప్పుడు ఆ మొత్తాన్ని రాష్ట్రానికి తిరిగిచ్చే పద్ధతి ఎంచుకోవచ్చు. మీరు ఆ పద్ధతిలో ఉంటే, ఉద్యోగుల్ని తీసేశాక వాళ్ల భృతి బిల్లు మీకే వస్తుంది. ఏ పద్ధతిలో ఉన్నారో ట్రెజరర్ ఈ వారమే చూడాలి.

భయంతో కార్యక్రమాన్ని మీ అంతట మీరే మార్చేయకండి. ఫలానా వర్గానికి సేవ చేస్తామని ఒప్పందంలో రాసి, రాతపూర్వక అనుమతి లేకుండా అది మానేస్తే కార్యక్రమం స్కోప్ (పరిధి) మార్చినట్టే. ఆడిట్‌లో ఆ ఖర్చును తోసిపుచ్చే ప్రమాదం ఉంది. మరోపక్క, 2025 జనవరిలో వచ్చిన 14173 ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ చట్టవిరుద్ధమైన డీఈఐ (వైవిధ్యం, సమానత్వం, అందరినీ కలుపుకోవడం) కార్యక్రమాలు లేవని గ్రాంటీలు ధ్రువీకరించాలంటుంది. అందులో తప్పు చెబితే ప్రభుత్వం దగ్గర తప్పుడు క్లెయిమ్‌లు పెట్టడంపై ఉన్న ఫాల్స్ క్లెయిమ్స్ చట్టం కింద మూడింతల నష్టపరిహారం దాకా వెళ్లొచ్చు. అలాంటి ధ్రువీకరణను ఆఫీసులో ఎవరో ఒకరు పోర్టల్‌లో క్లిక్ చేసేయకూడదు. లాయర్ చదివాక, బోర్డు తీర్మానం చేశాక సంతకం పెట్టాలి.

'మనం రాజకీయాలు మాట్లాడకూడదు కదా' అని నోరు మూసుకోవడం కూడా పొరపాటే. నిషేధం ఉన్నది ఎన్నికల్లో అభ్యర్థుల తరఫునో, వాళ్లకి వ్యతిరేకంగానో పనిచేయడం మీద. చట్టాల మీద లాబీయింగ్‌కు పరిమితి మాత్రమే ఉంది. ఫారం 5768తో 501(హెచ్) (లాబీయింగ్ పరిమితిని ఖర్చు లెక్కన కొలిచే పద్ధతి) ఎంచుకుంటే, మీ స్థాయి సంస్థ ఏడాదికి ఖర్చులో 20 శాతం, అంటే దాదాపు 80,000 డాలర్ల వరకు దానికి వాడొచ్చు. అందులో ప్రజల్ని కదిలించే ప్రచారానికి 20,000 మించకూడదు. వాలంటీర్లు జీతం లేకుండా పెట్టిన సమయం లెక్కలోకి రాదు. ఏజెన్సీ ప్రతిపాదించిన రూల్ మీద వ్యాఖ్య పంపడం పన్నుల శాఖ ఐఆర్ఎస్ దృష్టిలో లాబీయింగే కాదు. గ్రాంటు డబ్బు మాత్రం వీటికి ముట్టుకోవద్దు, సొంత విరాళాల్లోంచే పెట్టండి.

విరాళాల విషయానికొస్తే, 2026 నుంచి స్టాండర్డ్ డిడక్షన్ తీసుకునేవాళ్లకూ నగదు విరాళం మీద పన్ను వేసే ఆదాయంలో తగ్గింపు ఉంది: ఒంటరిగా ఫైల్ చేస్తే 1,000, దంపతులు కలిసి చేస్తే 2,000 డాలర్ల వరకు. మన కుటుంబాల్లో చాలామందికి ఇది తెలియదు. దసరా, దీపావళి కార్యక్రమాల్లో అడిగేటప్పుడు ఈ మాట చెప్పండి, రసీదు అదే వారం పంపండి, కంపెనీ మ్యాచింగ్ (ఉద్యోగి ఇచ్చిన విరాళానికి కంపెనీ కూడా జతచేసేది) ఫారం లింకు కూడా దాంతోపాటే పెట్టండి. ఏ కార్యక్రమానికీ ముడిపెట్టకుండా ఇమ్మని అడగడం మర్చిపోవద్దు. రాష్ట్రం చెక్కు ఆలస్యమైన నెలలో జీతాలకు వాడుకోగలిగేది అలాంటి డబ్బే.