మీరు అడిగారు: బండిలో కలిపేసే చెత్తను ఇంట్లో వేరు చేయడం దేనికి?

ప్రశ్న: ఏడాదిగా తడి చెత్త, పొడి చెత్త విడివిడిగా పెడుతున్నాను. మొన్న కిందికి దిగి చూస్తే బండి అతను రెండూ ఒకేచోట గుమ్మరించేస్తున్నాడు. ఇంక విసుగొచ్చేసింది. ఎవరికోసం ఇదంతా?

జవాబు: మీ విసుగు నాకు తెలుసు. నేనూ ఇదే చూసి నెల రోజులు మానేశాను. మళ్ళీ మొదలుపెట్టడానికి కారణం ఒక గాజు గ్లాసు. చెయ్యి జారి పగిలింది, ముక్కలన్నీ ఎత్తి మామూలు చెత్తతో పాటు కవర్లో వేసి ముడి వేసేశాను. మర్నాడు పొద్దున చూస్తే బండి దగ్గర ఒకామె ఆ ముడి విప్పి, లోపల చెయ్యి పెట్టి ఖాళీ సీసాలు ఏరుతోంది. చేతికి గ్లౌజులు లేవు. "అమ్మా, ఆగండి, గాజుంది" అని నేను అరిచేలోపే బొటనవేలి పక్కన తెగింది. ఆమె నన్ను ఒక్క మాట కూడా అనలేదు, గుడ్డముక్క చుట్టుకుని మళ్ళీ పనిలో పడింది. ఆ రోజు నుంచి చెత్త కట్టేటప్పుడల్లా ఆ వేలే గుర్తొస్తుంది.

బండిలో కలిపేసినా తర్వాత చాలాచోట్ల మనుషులే చేత్తో ఏరతారు. మీరు విడిగా కట్టిన పొడి మూట వాళ్ళకి మూటగానే దొరుకుతుంది. అదే అట్టపెట్టెలూ కాగితాలూ వంటింటి తడిలో నానిపోయాయంటే ఇంక ఎవరికీ పనికిరావు. గాజు ముక్కల్ని మందపాటి కాగితంలో చుట్టి, టేప్ వేసి, పైన "గాజు" అని పెద్దక్షరాలతో రాయండి. పాత ఫోన్ బ్యాటరీలు మాత్రం చెత్తలో అసలు వేయకండి, లిథియం బ్యాటరీ బండిలో నలిగితే మంటలు లేవొచ్చు. వాటిని విడిగా తీసుకునే చోటు కనుక్కుని అక్కడే ఇవ్వండి.

తడి చెత్త సంగతి ఇంకా పెద్దది. గుట్టల కింద గాలి తగలకుండా కుళ్ళితే దాంట్లోంచి మీథేన్ అనే వాయువు వస్తుంది. 20 ఏళ్ళ లెక్క తీసుకుంటే అది అంతే బరువున్న కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 80 రెట్లు ఎక్కువ వేడిని పట్టి ఉంచుతుంది. అందుకే కొంచెం చోటున్నా ఇంట్లోనే ఎరువు చేయమంటాను. చిల్లులున్న బకెట్‌లో ఒక పొర తొక్కలు, దాని మీద ఎండుటాకులు, మళ్ళీ తొక్కలు, మధ్యమధ్యలో కలుపుతుంటే గాలి ఆడుతుంది. వాసన వస్తోందంటే తడి ఎక్కువైందని అర్థం, ఇంకో రెండు గుప్పెళ్ళు ఎండుటాకులు వేయండి, టెన్షన్ పడక్కర్లేదు.

ఇంకో మాట, బండి అతని మీద కోపం పెట్టుకోకండి. చాలాసార్లు ఆ బండికి ఉండేదే ఒక్క అర. మరో అర పెట్టించమని అడగాల్సింది పై అధికారుల్ని, అదీ ఒక్కరే కాకుండా నాలుగిళ్ళ వాళ్ళు కలిసి వెళ్తే వింటారు.

ప్రశ్న: పెద్ద పెద్ద కంపెనీలే మారనప్పుడు నేనొక్కదాన్నే మారితే ఏమవుతుంది?

జవాబు: ఒక్కరి వల్ల గాలి చల్లబడదు, ఆ మాట నిజమే. కానీ ఎండలోని హానికర కిరణాల్ని ఆకాశంలో పైనే అడ్డుకునే ఓజోన్ పొర సంగతి చూడండి. అప్పట్లో స్ప్రే డబ్బాల్లో, ఫ్రిజ్‌లలో వాడిన సీఎఫ్‌సీ వాయువులు ఆ పొరను తినేస్తాయని 1974లో మోలినా, రోలండ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చెప్పారు. ఆ డబ్బాలు తయారుచేసే కంపెనీలు ఒప్పుకోలేదు. అమెరికాలో మామూలు జనం మాత్రం చట్టం వచ్చేదాకా ఆగకుండా వాటిని కొనడం తగ్గించేశారు, అమ్మకాలు పడిపోయాయి, 1978లో అక్కడి ప్రభుత్వం స్ప్రేలలో వాటిని దాదాపు పూర్తిగా నిషేధించింది. 1987లో ఆ వాయువుల్ని తగ్గించాలని దేశాల మధ్య మాంట్రియల్ ఒప్పందం కుదిరి, మెల్లగా ప్రపంచమంతా ఆ దారిలోకి వచ్చింది. ఇప్పుడు ఆ పొర మెల్లగా కోలుకుంటోంది. కొనకుండా ఉన్నవాళ్ళు, శాస్త్రవేత్తలు, చట్టం చేసినవాళ్ళు, వీళ్ళలో ఎవరు లేకపోయినా ఆ పని అయ్యేది కాదని నా నమ్మకం. మీరు మారండి, దాంతోపాటు నోరు విప్పి అడగండి కూడా.

ప్రశ్న: ఇంట్లో ఉన్న ప్లాస్టిక్ డబ్బాలు, సంచులు అన్నీ తీసేసి స్టీలువి, గుడ్డవి కొనాలనుకుంటున్నాను. మంచిదేనా?

జవాబు: వద్దు. పనికొచ్చే వస్తువును పారేస్తే అదీ చెత్తే. బ్రిటన్ పర్యావరణ సంస్థ 2011లో వేసిన లెక్క ప్రకారం, ఒక్కసారి వాడి పారేసే పల్చటి ప్లాస్టిక్ సంచి కంటే భూమి వేడెక్కడం విషయంలో నూలు సంచి మెరుగనిపించుకోవాలంటే దాన్ని కనీసం 131 సార్లు వాడాలి. పత్తి పండించడానికి, బట్ట నేయడానికి అంత శక్తి ఖర్చవుతుంది మరి. ఉన్న ప్లాస్టిక్ డబ్బాల్లో పప్పులూ మేకులూ ఏవో ఒకటి పోసుకుని పగిలేదాకా వాడండి, వేడి పదార్థాలు మాత్రం వేయకండి. సంచి కావాలంటే పాత దుప్పటి కత్తిరించి కుట్టుకుని తలుపు పక్కన కొక్కేనికి తగిలించండి, లోపల ఎక్కడో మడిచి పెడితే బయటికెళ్ళేటప్పుడు గుర్తుకే రాదు.