పాస్‌వర్డ్ నీ దగ్గరే ఉండాలి బిడ్డా

చి. సౌజన్యకు,

ఈసారి ఆదాయపు పన్ను (ఐటీ) రిటర్న్స్ ఏజెంటు లేకుండా నువ్వే వేసుకుంటానన్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ట్రెజరీలో నౌకరీ చేసినన్నాళ్లూ ఇంటిల్లిపాది కాగితాలు నేనే చూశాను, ఒక్కరూ నేర్చుకోలేదు. నువ్వన్నా పూనుకున్నందుకు సంతోషం. కానీ పోయినేడాది ఫారం 16 (జీతం, అందులో కోసిన పన్ను చూపే కాగితం), ఐటీ పోర్టల్ పాస్‌వర్డ్ ఎవరికో వాట్సాప్‌లో పంపావట! చదువుకున్నదానివి, బుద్ధుండక్కర్లేదా?

మా ఆఫీసులో ఒక సీనియర్ అసిస్టెంట్ ఉండేవాడు, నెమ్మదస్తుడు. ఒక ఏజెంటు రీఫండ్ ఇప్పిస్తా, వచ్చినదాంట్లో కొంత నాకివ్వు అన్నాడు. నిజంగానే డబ్బు పడింది. ఆ డబ్బుతో బిడ్డకు ఓణీల ఫంక్షన్ ఘనంగా చేశాడు, నల్గొండలో సగం మందిని పిలిచాడు. ఏజెంటేమో ఐటీ పోర్టల్‌లో తన ఫోన్ నంబరు, తన ఈమెయిలే పెట్టుకున్నాడు. నోటీసులన్నీ అక్కడికే పోయాయి. చివరికి పోస్టులో ఇంటికొచ్చిన కవరు పట్టుకుని నా దగ్గరకొచ్చాడు. తీసుకోని ఇంటి లోనుకు వడ్డీ కట్టినట్టు చూపించారు. దాని కింద అంగవైకల్యం మినహాయింపు. అది చదివి వినిపిస్తే, "సార్, నాకు కాళ్లూ చేతులూ బాగానే ఉన్నాయి గదా" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తెలిసి తప్పుడు లెక్క చూపితే ఎగ్గొట్టిన పన్ను మీద 200 శాతం దాకా జరిమానా ఉంది. అసలూ వడ్డీ కట్టడానికే ఆయన భార్య గాజులు కుదవకు పోయాయి. ఏజెంటు ఫోన్ స్విచాఫ్. నేను రాయలేదంటే ఎవరు వింటారు? ఓటీపీ చెప్పావంటే సంతకం పెట్టినట్టే.

అందుకే ముందు పాస్‌వర్డ్ మార్చు. ప్రొఫైల్‌లో ఎవరి నంబరుందో చూడు. పోయినేడాది రిటర్ను తెరిచి ఒక్కో లైనూ చదువు. తప్పుంటే భయపడకు, నోటీసు రాకముందే అదనంగా కట్టి అప్‌డేటెడ్ రిటర్ను వెయ్యొచ్చు.

మిగతాది పెద్ద పనేం కాదు. ఫారం 16ను ఏఐఎస్‌తో (పోర్టల్‌లో కనిపించే నీ ఏడాది ఆదాయాల పట్టీ) సరిచూసుకో, ఎఫ్‌డీ వడ్డీ నువ్వు మరిచినా అది మరవదు. జూలై 31 లోపు వేసి, 30 రోజుల్లో ఈ-వెరిఫై చెయ్, అంటే అది నువ్వే వేశావని ఆన్‌లైన్‌లో ధ్రువీకరించు. కొత్త పన్ను పద్ధతిలో 12 లక్షల దాకా పన్ను లేనప్పుడు ఎందుకు వెయ్యడం అన్నాడట మీ తమ్ముడు. ఆదాయం 4 లక్షలు దాటితే పన్ను సున్నా అయినా వెయ్యాల్సిందేనని చెప్పు. నీ పేరున్న బత్తాయి తోట మీద 5 వేలకు మించి వస్తే ఐటీఆర్-1 ఫారం పనికిరాదు, ఐటీఆర్-2 తీసుకో.

మా రోజుల్లో మార్చి వస్తే పన్ను కోసమే పాలసీలు కట్టేవాళ్లం. కొత్త పద్ధతిలో అలాంటి పొదుపుకిచ్చే 80సీ మినహాయింపు లేదు, అయినా పొదుపు ఆపకు. పోస్టాఫీసులో పీపీఎఫ్ (సర్కారు పొదుపు ఖాతా) తెరువు, 15 ఏళ్లది, ఏడాదికి 500 నుంచి లక్షన్నర దాకా కట్టొచ్చు. చిట్టీ వేస్తే రిజిస్టరయిందే వెయ్. జీతం పడగానే అంతా ఇంటికి పంపుతావట. మీ నాన్న అడగడు, నువ్వు ఆపవు. నీ కోసం ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టుకున్నాకే పంపు, ఆయనతో నేను మాట్లాడతా.

ఎక్కడన్నా అడ్డంపడితే రాత్రయినా ఫోన్ చెయ్. స్క్రీన్ మీద ఏముందో చదువు, నేను చెప్తా. పాస్‌వర్డ్ మాత్రం నాక్కూడా చెప్పకు.

మీ పెద్దనాయన