ప్లగ్గుల గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపిన వ్యాసం శ్రద్ధగా చదివాను. స్పీడ్ కోసం తయారైన కార్లకు స్పార్క్ ప్లగ్గులు (ఇంజన్‌లో నిప్పురవ్వ పుట్టించేవి) ఎలా ఎంచుకోవాలో, ఎలా మార్చుకోవాలో రాయాలన్న నీ ఆలోచన నాకు నచ్చింది. నీ వాక్యం చురుగ్గా నడుస్తుంది. అయితే వ్యాసం నిండా అంకెలు పోశావు గానీ, ఏ అంకె ఎక్కడ చెల్లుతుందో, ఎక్కడ చెల్లదో చెప్పలేదు. కథ చదివినవాడు పుస్తకం మూసి పక్కన పెడతాడు. నీ వ్యాసం చదివినవాడు బానెట్ ఎత్తి పానా పట్టుకుంటాడు. నువ్వు రాయకుండా వదిలేసిన షరతుకు నష్టం అతని ఇంజన్‌కి జరుగుతుంది. అందుకే ఈ ఉత్తరం కాస్త పెద్దదైంది.

హీట్ రేంజ్ పేరాతో మొదలుపెడతాను. "బూస్ట్ పెంచితే ఒక నంబరు పెద్ద ప్లగ్ వేసుకోండి" అని రాశావు. బూస్ట్ అంటే టర్బో ఇంజన్‌లోకి నెట్టే గాలి ఒత్తిడి. ఎన్‌జీకే, డెన్సో కంపెనీల ప్లగ్గుల విషయంలో అది సరే. వాటిలో నంబరు పెరిగేకొద్దీ ప్లగ్ కోల్డ్ అవుతుంది, అంటే దాని కొన త్వరగా చల్లబడుతుంది. బాష్, ఛాంపియన్ ప్లగ్గుల్లో లెక్క తలకిందులు. అక్కడ నంబరు పెరిగితే ప్లగ్ హాట్ అవుతుంది. నీ వాక్యం నమ్మి బాష్ ప్లగ్ కొన్నవాడు, చల్లగా ఉంచాల్సిన ఇంజన్‌లో ఇంకా వేడి ప్లగ్ బిగిస్తాడు. పోనీ ఎన్‌జీకే, డెన్సో రెండూ ఒకే దిక్కున నడుస్తాయి కదా అంటే, వాటి నంబర్లూ ఒకటి కావు. ఎన్‌జీకేలో 7 అన్నది డెన్సోలో 22కి దగ్గర. అందుకని ఈ పేరాలో కంపెనీ పేరు లేకుండా ఒక్క నంబరు కూడా ఉండకూడదు.

ఇంకోటి. హీట్ రేంజ్ అంటే ఏమిటో నువ్వు ఎక్కడా చెప్పలేదు. స్పార్క్ ఎంత వేడిగా ఉంటుందో దానికి సంబంధించిన విషయం అనుకునేవాళ్ళు చాలామంది. అది ప్లగ్ కొన దగ్గరి వేడి ఎంత త్వరగా సిలిండర్ హెడ్‌లోకి వెళ్ళిపోతుందో చెప్పే కొలత. లోపలి పింగాణీ ముక్కు పొడుగ్గా ఉంటే వేడి ప్రయాణం చేయాల్సిన దారి పెరుగుతుంది, కొన వేడిగా ఉండిపోతుంది. అది హాట్ ప్లగ్. ముక్కు పొట్టిగా ఉంటే కోల్డ్ ప్లగ్. కొన దగ్గర సుమారు 450 నుంచి 850 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. అంతకు తగ్గితే మసి కాలిపోక పేరుకుంటుంది, కరెంటు ఆ మసి మీదుగా జారిపోయి, మిశ్రమం అంటుకోక మిస్‌ఫైర్ వస్తుంది. పైకి పోతే కొన నిప్పుకణికలా ఎర్రబడి, స్పార్క్ రాకముందే పెట్రోలు-గాలి మిశ్రమాన్ని అంటించేస్తుంది. ప్రీ-ఇగ్నిషన్ అనేది ఇదే. పిస్టన్‌కి చిల్లు పడటానికి ఇది చాలు.

ఇంత చెప్పాక పాఠకుడికి నంబరు గుర్తుపెట్టుకోవాల్సిన పని సగం తగ్గుతుంది. కోల్డ్ ప్లగ్ వల్ల పవర్ పెరగదని, పెరిగిన పవర్ నుంచి ఇంజన్‌ని కాపాడటానికే అది ఉందని అతనికే అర్థమవుతుంది. ఏ మార్పూ చేయని కారుకు కంపెనీ చెప్పిన గ్రేడే వేయమని గట్టిగా రాయి. ట్యూన్ చేసి, అంటే ఇంజన్ సెట్టింగులు మార్పించి, బూస్ట్ పెంచినవాడు ఒక మెట్టు కోల్డ్‌కి వెళ్ళొచ్చు. ఆపైన ట్యూనర్ మాటే వినాలి. రోజూ ట్రాఫిక్‌లో నడిపే కారుకు అతిగా కోల్డ్ ప్లగ్ వేస్తే అది మసిబట్టి, ఐడిల్‌లోనే (కారు ఆగి ఇంజన్ నడుస్తున్నప్పుడే) ఏడిపిస్తుంది.

"స్పార్క్ ప్లగ్ ఇంజన్‌కి గుండె" అన్న నీ తొలి వాక్యం తీసెయ్యి. అది చదివిన మనిషికి ప్లగ్ గురించి ఒక్క ముక్క కూడా తెలియదు. దాని స్థానంలో ఒక మంచి ఉదాహరణ ఇస్తాను. మాజ్దా ఆర్‌ఎక్స్-8 కారు రోటరీ ఇంజన్‌లో (పిస్టన్‌కి బదులు రోటర్ తిరిగేది) ఒక్కో రోటర్‌కి రెండు ప్లగ్గులు. లీడింగ్, ట్రెయిలింగ్ అంటారు. లీడింగ్ ప్లగ్ ఎన్‌జీకే లెక్కలో 7, ట్రెయిలింగ్ ప్లగ్ 9. ఒకే ఇంజన్, ఒకే పెట్రోలు, కానీ చోటు మారితే ప్లగ్ మారుతోంది. ప్లగ్‌ని కారు పేరుతో కాదు, అది కూర్చునే చోట ఉన్న వేడితో ఎంచుకోవాలని నువ్వు ఎన్ని పేరాలు రాసినా ఇంత తేటగా చెప్పలేవు.

రాగి ప్లగ్ గురించి రాసింది సరిదిద్దు. రాగి మంచి వాహకం కాబట్టి పవర్ ఎక్కువ వస్తుందన్నావు. దాదాపు అన్ని ప్లగ్గుల్లోనూ లోపల రాగే ఉంటుంది. రాగి ప్లగ్ అని పిలిచేదాని కొన నికెల్ మిశ్రమంతో చేస్తారు. ఇరిడియం సుమారు 2,450 డిగ్రీల దాకా కరగదు కాబట్టి కొనను 0.4, 0.6 మిల్లీమీటర్ల సన్నగా చేయగలుగుతారు. కొన సన్నగా ఉంటే తక్కువ వోల్టేజీకే స్పార్క్ దూకుతుంది. నా దృష్టిలో ఇరిడియం కొనాల్సింది పవర్ కోసం కాదు, ఎక్కువకాలం నిలకడగా పనిచేస్తుందని. అయితే ఇరిడియం లక్ష కిలోమీటర్లు మన్నుతుందన్న మాట మామూలు ఇంజన్‌కి. బూస్ట్ పెంచిన ఇంజన్‌లో దాన్ని నమ్ముకోవద్దని పక్కనే రాయాలి.

గ్యాప్ (ప్లగ్ మధ్య కొనకూ పక్క ఎలక్ట్రోడ్‌కూ నడుమ ఖాళీ) పేరా బాగానే ఉంది, కారణం ఒక్కటే తక్కువ. టర్బో ఒత్తిడి పెరిగేకొద్దీ మిశ్రమం చిక్కనై, స్పార్క్ దూకడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి. ప్లగ్‌కి కరెంటు పంపే కాయిల్ అంత ఇవ్వలేకపోతే, ఫుల్ థ్రాటిల్‌లో (యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు) కారు తడబడుతుంది. అందుకే 1 మిల్లీమీటరు దగ్గర ఉండే గ్యాప్‌ని 0.7కో 0.6కో తగ్గిస్తారు. మరీ తగ్గిస్తే ఐడిల్ గరుకుగా మారుతుంది. ఇరిడియం ప్లగ్‌లో గ్యాప్ కొలిచే నాణెంలాంటి గేజ్ దూర్చవద్దని, మధ్య కొనను తాకకుండా పక్క ఎలక్ట్రోడ్‌నే వంచాలని తప్పక చెప్పు. ఆ సన్నటి కొన విరిగితే కొత్త ప్లగ్ చెత్తబుట్టలోకే.

ఇక ప్లగ్గులు మార్చే భాగం. ఇంజన్ చల్లారాలన్నావు, మంచిది. ప్లగ్ వదులు చేసేముందే ఆ గుంతలోని దుమ్ము గాలితో ఊదెయ్యాలన్నది రాయలేదు. ప్లగ్ తీశాక ఊదితే ఆ ఇసుకంతా సిలిండర్‌లోకే పోతుంది. కొత్త ప్లగ్‌ని మొదటి నుంచీ చేత్తోనే తిప్పాలి. చెయ్యి అందని లోతులో రబ్బరు గొట్టం ముక్క తొడిగి తిప్పితే, మర తప్పినప్పుడు గొట్టమే జారుతుంది, అల్యూమినియం మరలు చెడవు.

"30 న్యూటన్ మీటర్లు బిగించండి" అన్న వాక్యం నన్ను నిజంగా టెన్షన్ పెట్టింది. వాషర్ ఉన్న, మర వ్యాసం 14 మిల్లీమీటర్లున్న ప్లగ్‌కి, అల్యూమినియం హెడ్‌లో, 25 నుంచి 30 అన్నది ఎన్‌జీకే చెప్పే అంకె. 12 మిల్లీమీటర్ల ప్లగ్‌కి 15 నుంచి 20 మాత్రమే. ఇవాళ్టి చాలా టర్బో ఇంజన్లలో ఉండేది ఈ సన్న ప్లగ్గే. పైగా ఈ అంకెలన్నీ పొడి మరలకు. మరలు పట్టేయకుండా రాసే యాంటీ-సీజ్ పేస్టు పూసి అదే అంకెకు బిగిస్తే, బిగింపు కొలిచే రెంచ్ చూపించే దానికంటే ఎక్కువ బిగుసుకుంటుంది. ఎన్‌జీకే అయితే తన పూత ఉన్న ప్లగ్గులకు అది పూయవద్దనే అంటుంది. వదులుగా ఉండటమూ తప్పే. మరలు, వాషర్ గుండానే కదా వేడి హెడ్‌లోకి దిగేది. సరిగ్గా ఆనకపోతే కోల్డ్ ప్లగ్ కూడా హాట్ ప్లగ్‌లా ప్రవర్తిస్తుంది. హీట్ రేంజ్ పేరాకూ బిగింపు పేరాకూ ఉన్న ఈ సంబంధం నీ పాఠకుడికి తప్పక అందాలి.

పాత ప్లగ్గుల రంగు చూసి ఇంజన్ సంగతి చెప్పే పట్టిక చాలా నీట్‌గా ఉంది, అదే నాకు అనుమానం. ట్రాఫిక్‌లో నిలబడి వచ్చి ఆపిన కారు ప్లగ్ నల్లగా ఉంటే అది ఐడిల్ సంగతే చెబుతుంది, ఫుల్ థ్రాటిల్ సంగతి కాదు. బయటి పింగాణీ మీద లోహపు అంచు పక్కన కనిపించే గోధుమరంగు వలయం లీకేజీ కాదు, ఎక్కువ వోల్టేజీ వల్ల పింగాణీ చుట్టూ గాలిలో కలిగే కరోనా డిశ్చార్జ్ వదిలే మరక. దాన్ని చూసి మంచి ప్లగ్ పారేసేవాళ్ళున్నారు. లోపలి పింగాణీ మీద మెరిసే చిన్న చిన్న అల్యూమినియం చుక్కలు కనిపిస్తే మాత్రం కొత్త ప్లగ్గులు వేసి నడిపేయవద్దని పెద్ద అక్షరాల్లో రాయి. నాకింగ్ వల్ల, అంటే మిశ్రమం అదుపు తప్పి పేలడం వల్ల, పిస్టన్ లోహం ఎగిరి అక్కడ అంటుకుంటోంది. కారణం దొరికేదాకా ఆ కారును బూస్ట్‌లోకి తీసుకెళ్ళకూడదు. తీసిన ప్లగ్గులను సిలిండర్ వరుసలోనే పేర్చాలని కూడా కలుపు, లేకపోతే చుక్కలు ఏ సిలిండర్‌వో తెలియదు.

బిగింపు భాగం ముందు తిరగరాసి పంపు. ప్రతి అంకె పక్కనా ప్లగ్ సైజు, వాషర్ ఉందా లేక కోన్ సీటా (వాషర్ లేకుండా ఏటవాలు అంచుతో కూర్చునేది), మరలు పొడిగా ఉన్నాయా అన్నది ఉండాలి. కారు మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే దాన్నే పాటించమని మొదటి వరసలోనే చెప్పు. మిగతాది ఆ తర్వాత చూద్దాం.

ప్రేమతో,
అన్నయ్య