మళ్ళీ అదే పుస్తకమా అని విసుక్కోకండి

ప్రశ్న: మేడమ్, మా పాపకి రెండున్నరేళ్ళు. నేను, మా ఆయన ఇద్దరం జాబ్ చేస్తాం, ఉండేది నిజాంపేటలో. ఫ్రెండ్ చెప్తే ఓ పది పన్నెండు బొమ్మల పుస్తకాలు కొన్నా. రోజూ రాత్రి చదువుదామని కూర్చుంటే రెండో లైను కూడా చదవనివ్వదు, పేజీలు టకటకా తిప్పేస్తుంది, లేదంటే ఒకటే పుస్తకం పట్టుకొచ్చి మళ్ళీ మళ్ళీ అంటుంది, అదిప్పుడు నాకు కలలోకి కూడా వస్తోంది. డాగ్, క్యాట్, ఆపిల్ అన్నీ చెప్తుంది గానీ వాక్యంలా కలిపి మాట్లాడ్డం తక్కువ. నేనేం తప్పు చేస్తున్నా?

జవాబు: పెద్ద తప్పేం లేదండీ, పుస్తకం పూర్తి చెయ్యాలని కూర్చుంటున్నారు, అంతే. ఆఫీసులో టాస్కులు క్లోజ్ చేసీ చేసీ మనకి అదో అలవాటైపోయింది. రెండున్నరేళ్ళ పిల్లకి కథ మొదలు, చివర ఏం పట్టవు, దానికి బొమ్మ కావాలి, ఆ బొమ్మ గురించి మాట్లాడే మనిషి కావాలి. కింద అచ్చేసిన రెండు లైన్లు మీకోసం, ఏం మాట్లాడాలో తోచనప్పుడు పనికొస్తాయని.

మా చిన్నోడితో నేనూ మొదట్లో ఇలాగే చేశా. ఒక పేజీలో బురదగుంటలో గేదె పడుకునుంది, దాని వీపు మీద కొంగ. నేను లైను చదివేసి పేజీ తిప్పబోతే వాడు చెయ్యి అడ్డం పెట్టి "దేదె" అన్నాడు. అవును గేదె, నల్ల గేదె అన్నా. వాడు కాసేపు చూసి "బుద్ద" అన్నాడు. అవున్రా, బురదలో పడుకుంది, ఎండకి వేడెక్కిపోయిందని బురద పూసుకుంది, మరి దాని మీద ఎవరెక్కారు? అప్పుడు వాడు మొహం వెలిగిపోతూ "కొంగ ఎక్కింది" అని మొదటిసారి రెండు మాటలు కలిపాడు. ఆ పేజీ దగ్గరే ఇరవై నిమిషాలు గడిచాయి, ఆ రోజు పుస్తకం పూర్తవ్వలేదు.

దీనికి చదువుకున్నవాళ్ళు ఒక పేరు కూడా పెట్టారు, డయలాజిక్ రీడింగ్ అని. అమెరికాలో వైట్‌హర్స్ట్ అనే సైకాలజిస్టు, ఆయనతో పనిచేసినవాళ్ళు 1988లో అచ్చేసిన స్టడీలో రెండు మూడేళ్ళ పిల్లల తల్లిదండ్రులకి ఇదే నేర్పించారు: పిల్లని అడుగు, వాళ్ళు అన్నదానికి ఒకటి రెండు మాటలు చేర్చి తిరిగి చెప్పు, మళ్ళీ వాళ్ళచేత అనిపించు. వాళ్ళకి రోజూ చదివే అలవాటు ముందే ఉంది, చదివే పద్ధతి మార్చారంతే. నెల రోజులకే ఆ పిల్లలు మాటల్లో మిగతా పిల్లల్ని దాటి ముందుకెళ్ళారు. మన అమ్మమ్మలు గోరుముద్దలు పెడుతూ చేసింది కూడా ఇదే కదా, చందమామని చూపించి అదెక్కడుంది, ఎవరొస్తారు, ఏం తెస్తారు అని!

ఒక్క జాగ్రత్త, అడగమన్నాను కదా అని పరీక్ష పెట్టకండి. ఇదేంటి, ఇదేంటి, కలర్ చెప్పు, ఆంటీకి చెప్పు, ఈ గోల మొదలైతే పిల్లలు పుస్తకం చూస్తేనే పారిపోతారు. మీరు మూడు మాటలు చెప్పి ఒకటి అడగండి, అడిగాక ఆగండి, మనసులో ఐదు లెక్కపెట్టుకోండి, చిన్నపిల్లలకి మాట కూడదీసుకోడానికి అంత టైమ్ పడుతుంది, మనకేమో సెకను కూడా ఓపిక ఉండదు.

ఇక మీ పాప డాగ్, క్యాట్ అంటోంది, అవన్నీ పేర్లే చూడండి. వాక్యం రావాలంటే క్రియలు కావాలి, మన తెలుగులో వాటికి కరువా! బొమ్మలో అవ్వ చేట పట్టుకుని కూర్చుంటే "గ్రాండ్‌మా" అని తిప్పేయకుండా అవ్వ బియ్యం చెరుగుతోంది అనండి. మర్నాడు వంటింట్లో చిక్కుళ్ళు ఒలుస్తూ, కొబ్బరి తురుముతూ, పిండి జల్లిస్తూ ఆ మాటలు పైకి అనండి, పాప చేతికి కూడా ఓ చిక్కుడుకాయ ఇవ్వండి. పుస్తకంలో విన్న మాట వంటింట్లో మళ్ళీ వినపడితే అది పిల్ల నోట్లో నిలబడిపోతుంది. చప్పుడు మాటలు కూడా వదలకండి, కప్ప బుడుంగున మునిగింది, వాన టపటపా పడింది, గాజులు గలగలా అన్నాయి. పిల్లలు ముందు వీటినే పట్టుకుంటారు. పుస్తకంలో "వెళ్ళెను, చూచెను" అని ఉంటే మొహమాటపడకుండా "వెళ్ళింది, చూసింది" అని మార్చి చెప్పేయండి.

మళ్ళీ మళ్ళీ అదే పుస్తకం అంటారా, అది చాలా మంచి సూచన. ఇంగ్లండులో సస్సెక్స్ యూనివర్సిటీ వాళ్ళు 2011లో మూడేళ్ళ పిల్లలతో ఒకటి చూశారు, కొత్త మాటలు అందరికీ అన్నేసి సార్లు వినిపించారు, కాకపోతే కొందరికి ఒకే కథ మళ్ళీ మళ్ళీ చదివారు, కొందరికి వేరే వేరే కథలు. ఒకే కథ విన్నవాళ్ళకే ఆ మాటలు ఎక్కువ వచ్చాయి. కథ ముందే తెలుసు కాబట్టి బుర్ర కొత్త మాట మీద పెట్టే తీరిక దొరుకుతుంది అనుకోవచ్చు. కాబట్టి ఆ కలలోకొచ్చే పుస్తకాన్ని బీరువాలో దాచకండి, తెలిసిన లైను చివర ఆగండి, పాపే పూర్తి చేస్తుంది.

ఇంకొక మాట సీరియస్‌గా. రెండేళ్ళు నిండేసరికి పిల్లలు మామూలుగా ఓ యాభై మాటలైనా అంటారు, "అమ్మా రా", "పాలు కావాలి" లాగా రెండేసి కలుపుతారు. మీ పాప అలా కూడా కలపట్లేదంటే పుస్తకాలు చదువుతూనే పిల్లల డాక్టరుకి చూపించండి, వినికిడి టెస్టు అడిగి మరీ చేయించండి. పెద్దయ్యాక అదే వస్తుందిలే అని చుట్టాలు అంటారు, వినకండి.

ప్రశ్న: పగలు బాబుని మా అత్తమ్మ చూసుకుంటారు, ఆమెకి చదువు రాదు. పుస్తకం ఇస్తే "నాకేమొస్తది బిడ్డా" అని పక్కన పెడ్తున్నరు. ఏం చెయ్యాలె? (కరీంనగర్ నుంచి)

జవాబు: అక్షరాలే లేని బొమ్మల పుస్తకం ఇవ్వండి, అచ్చంగా బొమ్మలతోనే నడిచే కథలుంటాయి. ఆమెకున్నన్ని మాటలు మీకూ నాకూ లేవు, నాగలి, గంప, రోకలి, తట్ట బొమ్మ కనపడితే ఆమె చెప్పినట్టు మనం చెప్పలేం. పుస్తకంలో వేరుశెనక్కాయలు అని ఉండి ఆమె పల్లీలు అంటే సరిదిద్దకండి, రెండూ వస్తాయి వాడికి. అనంతపురం పిల్లలకైతే చెనక్కాయలు అని మూడోది కూడా! పుస్తకాలకి ఖర్చు ఎక్కువ పెట్టక్కర్లేదు, ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్ 2015 నుంచి ఉంది, తెలుగు కథలు ఫ్రీగా చదువుకోవచ్చు, ప్రింట్ తీసుకోవచ్చు. నేషనల్ బుక్ ట్రస్ట్, "మంచి పుస్తకం" అనే ప్రచురణ సంస్థ వాళ్ళవీ ధర తక్కువే. ఫోన్లో చూపించే బదులు ప్రింట్ తీసి దారంతో కుట్టి ఇవ్వండి, చింపితే చింపుతాడు.

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం. మా నాలుగేళ్ళవాడికి తెలుగు అర్థమవుతుంది, కానీ ఏం అడిగినా ఇంగ్లీషులోనే చెప్తాడు. తెలుగు పుస్తకం తీస్తే "నో తెలుగు" అంటాడు.

జవాబు: తెలుగులో చెప్తేనే పేజీ తిప్పుతా లాంటి షరతులు వద్దు. వాడు "ది మంకీ ఈజ్ జంపింగ్" అంటే, అవును కోతి గెంతుతోంది, ఎక్కణ్ణించి గెంతింది అని మీరు తెలుగులో సాగదీయండి చాలు. దానికంటే పనిచేసేది ఇంకోటుంది, తెలుగు తప్ప వేరే దారిలేని మనిషితో మాట్లాడించడం. వాళ్ళ తాతయ్య నాయనమ్మ ఊళ్ళో ఉంటే ఎండాకాలం మీకు ఉదయం ఎనిమిదిన్నర అయితే ఇక్కడ సాయంత్రం ఆరు, వీడియో కాల్‌కి బాగుంటుంది. ఇక్కడ తాతయ్య పేజీ తిప్పితే అక్కడ వాడు తిప్పాలి, ఆయన కావాలని కోతిని పట్టుకుని ఏనుగు అనాలి, వాడు ఊరుకుంటాడేమో చూడండి. అందుకే ఈసారి పుస్తకాలు తెప్పించుకునేటప్పుడు ఒక్కోటి రెండేసి కాపీలు కొనమనండి, ఒకటి ఇక్కడే ఉండిపోతుంది.