కథల వర్క్‌షాప్‌కి వెళ్తున్న మేనకోడలికి

చిన్నీ,

హార్స్‌లీ హిల్స్‌లో మూడు రోజుల కథల వర్క్‌షాప్‌కి పిలుపొచ్చిందని నువ్వు పెట్టిన మెసేజ్ చూశాను. చాలా సంతోషం. దాని కిందే ఇంకో లైను రాశావు చూడు, ‘ఏ కథ తీసుకెళ్లాలత్తా, అందరూ సీనియర్లే వస్తారంట, టెన్షన్‌గా ఉంది’ అని. దీనికి ఫోన్లో జవాబు చెప్తే సగం చెప్పి సగం మర్చిపోతాను. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా.

ముందు కథ సంగతి. ఆదివారం అనుబంధంలో అచ్చయిందే, అందరూ మెచ్చుకున్న కథ, దాన్ని మాత్రం తీసుకెళ్లకు. అచ్చయిపోయిన కథ మీద ఎవరేం చెప్పినా ఇక నువ్వు చేసేదేం లేదు. మెచ్చుకుంటే పొంగిపోతావు, తప్పుపడితే ‘ఎడిటర్‌కి నచ్చింది కదా’ అని సర్దిచెప్పుకుంటావు. ఆ మాత్రానికి కొండెక్కాల్సిన పని లేదు. ఎటు తిప్పినా ముగింపు కుదరక మూలన పడేసిన కథ ఒకటి ప్రతివాళ్ల దగ్గరా ఉంటుంది. అది తీసుకెళ్లు. పోయినసారి వచ్చినప్పుడు ఆశా వర్కర్ కథ చదివి వినిపించావు, చివరి పేజీ ఎన్నిసార్లు మార్చినా కుదరడం లేదన్నావు. అదైతే సరిగ్గా సరిపోతుంది.

అక్కడ కూర్చుని కొత్త కథ రాసేద్దామని కూడా పెట్టుకోకు. మొదటిసారి వచ్చేవాళ్లలో చాలామంది మంచి నోట్‌బుక్ కొనుక్కుని ఆ ఆశతోనే వస్తారు. పొద్దున టిఫిన్ అయిన దగ్గర్నుంచి రాత్రి దాకా ఎవరో ఒకరు చదువుతూనే ఉంటారు, మిగతావాళ్లు మాట్లాడుతూనే ఉంటారు. రాయడానికి టైమెక్కడిది? నువ్వు దిగబోయే మదనపల్లెకే 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ వచ్చాడు, దక్షిణాది పర్యటన మధ్యలో కాస్త విశ్రాంతి కోసం. బిసెంట్ దివ్యజ్ఞాన కళాశాల ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ దగ్గర అతిథిగా ఉన్నాడు. ఆ రోజుల గురించి మనం ఇప్పటికీ చెప్పుకుంటున్నది కొత్త పాట గురించి కాదు. 1911లోనే కలకత్తా కాంగ్రెస్ సభలో పాడిన జనగణమనని ఆ కాలేజీలో పాడి వినిపించాడు, అక్కడే ఇంగ్లీషులోకి తెచ్చాడు, ప్రిన్సిపాల్ భార్య మార్గరెట్ కజిన్స్ దాని బాణీకి స్వరాలు రాసిపెట్టింది. ఏడేళ్ల కిందటి పాటే, కొత్త చెవుల్లో పడేసరికి దాని మీద ఇంకా చెయ్యాల్సిన పని బయటపడింది. నీ కథకీ కావాల్సింది అదే, కొత్త చెవులు.

కథని పది రోజుల ముందే పంపమంటారు. పంపు, ఆలస్యం చెయ్యకు. నువ్వు అను ఫాంట్లలో టైపు చేయిస్తావు కదా, ఆ ఫైలు అలాగే పంపితే అవతలివాళ్ల ఫోన్లో గజిబిజి గుర్తులు కనిపిస్తాయి. యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులూ దీర్ఘాలూ సరిచూసుకుని, పీడీఎఫ్ చేసి పంపు. చేతిలో ఐదారు జిరాక్స్ కాపీలు కూడా ఉంచుకో, ‘చూశానమ్మా, చదవలేకపోయా’ అనే పెద్దమనుషులు ఎక్కడైనా ఉంటారు. పేజీలకి నంబర్లు వెయ్యి. లేకపోతే ‘ఆ బావి దగ్గర సీను ఉందే, దాని కింద, కాదు పైన’ అని వెతుక్కోవడంలోనే నీకిచ్చిన టైము అయిపోతుంది.

బయల్దేరే ముందు ఒకసారి గదిలో తలుపేసుకుని కథని పైకి చదువు. ఏడెనిమిది పేజీలకి ఇరవై నిమిషాలు సులువుగా పడుతుంది. ఎక్కడ నీ నాలుక తడబడిందో అక్కడ గీత పెట్టుకో. వర్క్‌షాప్‌లో చదివేటప్పుడు మాత్రం నటించొద్దు. ఏడుపు సీనుకి గొంతు పూడుకుపోయేలా చదివితే నలుగురూ నీ గొంతుకి కదిలిపోతారు, కాగితం మీద ఏముందో చూడరు. కథ గురించి ముందుమాటలూ వద్దు. ‘ఇది మా ఊళ్లో నిజంగా జరిగిందండీ’ అన్నావంటే ఇక దాన్ని విమర్శించడానికి ఎవరికీ నోరు రాదు.

అసలు కష్టం చదవడం అయ్యాక మొదలవుతుంది. నీ కథ మీద అందరూ మాట్లాడుతుంటే నువ్వు నోరు మూసుకుని కూర్చోవాలి. మన ఇంటి ఆడవాళ్లకి ఇది మరీ కష్టం, నాకు తెలుసు. ఎవరో నీ పాత్రని అపార్థం చేసుకుంటారు. ‘అది కాదండీ, నా ఉద్దేశం ఏంటంటే’ అని లేవబోతావు. లేవకు. నువ్వు నోటితో చెప్పి అర్థం చేయిస్తే ఆ గదిలో వాళ్లకి అర్థమవుతుంది, పత్రికలో చదివేవాళ్ల దగ్గరకి నువ్వు వెళ్లలేవు కదా. ఎవరేమన్నారో పేరుతో సహా రాసుకో, అంతే. ముగ్గురు ఒకే చోట ఆగిపోయామన్నారంటే అక్కడ ఏదో ఉన్నట్టే. అయితే ఆ ముగ్గురూ చెప్పే మందు మూడు రకాలుగా ఉంటుంది, మూడూ పనికిరాకపోవచ్చు. జబ్బు ఎక్కడుందో వాళ్ల దగ్గర తెలుసుకో, వైద్యం నువ్వే చేసుకో.

ఒక క్యాంపులో నా కళ్లముందు జరిగింది చెప్తాను. అనంతపురం వైపు కుర్రాడు, అన్నదమ్ముల పొలం గొడవ మీద కథ చదివాడు. వానలు లేవు, బోర్లు ఎండిపోయాయి, అప్పులు, చివర్లో తండ్రి చెట్టు కింద కూలబడిపోతాడు. అయిపోయాక ఒకాయన వ్యవసాయ సంక్షోభం మీద పావుగంట ఉపన్యాసం ఇచ్చాడు. ఇంకొకాయన కథకి దృక్పథం లేదన్నాడు. కుర్రాడి మొహం వాడిపోయింది. అప్పుడు మూలన కూర్చున్న ఒక పెద్దావిడ అడిగింది: “బాబూ, ఆ బోరు ఇద్దరిదీ అన్నావు. మరి స్టార్టర్ డబ్బా తాళం ఎవరి దగ్గరుంటుంది?” వాడు ఆలోచించకుండా “మా పెదనాన్న దగ్గరండీ” అన్నాడు. “రాత్రిపూట కరెంటొస్తే?” “మా నాన్న వాళ్లింటి గుమ్మం ముందు నిలబడి పిలవాలి. ఒక్కోసారి పలకరు.” గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఆ తాళం సంగతి కథలో ఎక్కడా లేదు! వాడు రాయాల్సిన కథంతా అక్కడే ఉంది. ఎండిన బోర్ల గురించి ఎవరైనా రాస్తారు, ఆ గుమ్మం ముందు నిలబడ్డం వాడొక్కడికే తెలుసు.

అలాంటి ప్రశ్న అడిగే మనిషి ప్రతి క్యాంపులోనూ ఒకరుంటారు. ఎక్కువ మాట్లాడరు, వేదిక మీద ఉండరు. భోజనాల దగ్గర వాళ్ల పక్కన కూర్చో.

ఇతరుల కథల మీద నువ్వూ మాట్లాడాలి. చిన్నదాన్ని కదా అని తప్పించుకోకు. బస్సులో నిద్రపోకుండా ఆ పీడీఎఫ్‌లన్నీ చదువు. ‘చాలా బాగుందండీ’ అనేది పేరంటంలో మాట. నీకు ఏ వాక్యం దగ్గర ఆసక్తి పుట్టిందో, ఏ పేజీలో పోయిందో చెప్తే చాలు, సిద్ధాంతాలు అక్కర్లేదు. సీనియర్లతో మర్యాదగా ఉండు, కానీ వెళ్లీ వెళ్లగానే పుస్తకానికి ముందుమాట అడగడం, సెల్ఫీల కోసం వెంటపడ్డం చెయ్యకు. పాపం వాళ్లూ ఊపిరి పీల్చుకోడానికే కొండెక్కుతారు.

రాత్రి భోజనాలయ్యాక వరండాలో మాటలు, పాటలు ఉంటాయి. పగలు చెప్పని సంగతులు అప్పుడు బయటికొస్తాయి, ఎవరు ఏ కథ ఎన్నేళ్లు మోశారో, దేన్ని చించేశారో. ఆడవాళ్లు సాధారణంగా పెందలాడే గదుల్లోకి వెళ్లిపోతారు, నువ్వు వెళ్లకు. కూర్చో, విను. కొన్నిచోట్ల మందు సీసాలు కూడా లేస్తాయి, దాపరికం ఎందుకు. ఇబ్బంది అనిపించిన క్షణం లేచి రా, ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. గది ఎవరితో కలిపి ఇస్తున్నారో, ఇంకెంతమంది ఆడవాళ్లు వస్తున్నారో ముందే నిర్వాహకులకి ఫోన్ చేసి అడుగు. ఖర్చుల్లో నీ వాటా ఎంతో కూడా అప్పుడే అడిగెయ్, మొహమాటపడకు.

ఆ కొండ 4,000 అడుగుల పైనే ఉంటుంది. జనవరి కాబట్టి స్వెటరు, సాక్సులు మర్చిపోకు. పైకి బస్సులు తక్కువ, మదనపల్లె నుంచి నిర్వాహకులు పెట్టే బండి ఎక్కడ ఆగుతుందో కనుక్కో. ఘాట్ రోడ్డులో నీకు కడుపు తిప్పుతుంది, ఖాళీ కడుపుతోనూ నిండు కడుపుతోనూ ఎక్కకు. కోతులున్నాయి, కాగితాలూ అరటిపళ్లూ ఒకే సంచీలో పెట్టుకుని తిరక్కు. గాలిబండ మీద సాయంత్రం ఒక్కసారైనా కూర్చో, ఎవరితోనూ కథల గురించి మాట్లాడకుండా.

ఇక ఇల్లు. నువ్వు మెసేజ్‌లో రాయలేదు గానీ నీ టెన్షన్‌లో సగం ఇదేనని నాకు తెలుసు. మగవాళ్లు క్యాంపుకి వస్తే క్యాంపులోనే ఉంటారు. మనకేమో గ్యాసు బుకింగూ, చిన్నాడి యూనిఫాం, పాలవాడి లెక్క వెంట వస్తాయి. నువ్వు చదువుతున్నప్పుడే ‘సాంబారు పొడి ఎక్కడుంది’ అని ఫోన్ వస్తుంది, చూస్తూ ఉండు. ‘రోజూ సాయంత్రం ఆరింటికి నేనే చేస్తాను, మధ్యలో చెయ్యొద్దు’ అని మీ ఆయనకి ఇప్పుడే చెప్పు. పొళ్ల డబ్బాల మీద పేర్లు రాసి అంటించు. మీ అమ్మతో నిన్న మాట్లాడాను. ఆ మూడు రోజులూ వచ్చి పిల్లల దగ్గరుంటానంది. మోకాళ్లకి నూనె సీసా మాత్రం మర్చిపోకుండా తెచ్చుకోమన్నాను, మీ ఇంట్లో మెట్లెక్కువ కదా. నువ్వు మళ్లీ ఫోన్ చేసి ‘వద్దులేమ్మా, నీకెందుకు శ్రమ’ అనకు. ఒప్పించడానికి నాకు అరగంట పట్టింది.

మీ అత్త